ఎవరూ వెయ్యని అతుకు

ఆ వేసవిలో మా మామయ్యా, మా ఆయనా పిల్లి ద్వారానే మాట్లాడుకున్నారు.

వేళాకోళం కాదు, నిజం. మాది వడ్రంగం కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక్క గుమ్మం. మామయ్య కర్ర కోస్తారు, ఆయన కొడుకు, అంటే మా ఆయన, బిగిస్తాడు, నేను గరుకు కాగితంతో రుద్ది వార్నీషు పూస్తాను. మా పెళ్ళైనప్పటి నుంచీ అలాగే సాగింది. ఆ ఏడు ఎండలు ముదురుతుండగా ఒక గ్రంథాలయానికి పుస్తకాల బీరువాలు చేసే పని వచ్చింది. గడువు తక్కువ. అసలు కర్రతో అయితే తెమలదని మా ఆయన ఇంట్లో ఎవరితోనూ ఒక్క మాటైనా అనకుండా, చెక్కపొట్టును జిగురుతో కలిపి కార్ఖానాలో ఒత్తిన పలకలు బండెడు దింపించాడు. మామయ్య ఒక పలకను వేలి కణుపుతో కొట్టి చూశారు. "ఇది కర్ర కాదు, అట్టముక్కకు అన్నయ్య," అన్నారు. మా ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. నీ కర్ర పట్టుకుని కూర్చుంటే కొట్టుకు తాళం వేసుకోవాల్సిందే అన్నాడు. ఆ సాయంత్రం నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మొదట్లో ఆ మాటలన్నీ నా మీదుగా నడిచాయి. అమ్మాయ్, వాడికి చెప్పు అని ఈయనా, ఇదిగో, నాన్నతో అను అని ఆయనా. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే బల్లకు చెరో పక్కన నిలబడి మరీ నాతో చెప్పించేవారు. వారం తిరిగేసరికి నా ఓపిక అడుగంటింది. ఇద్దరి మధ్యా రాయబారం నావల్ల కాదని చెప్పి, బ్రష్షు పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాను. అప్పుడు ఆ ఉద్యోగం పిల్లికి దక్కింది.

పిల్లి పేరు రంపం. పడుకున్నప్పుడు వాడు చేసే గురగుర అచ్చం తడి కర్ర కోస్తున్నట్టే ఉంటుంది. రెండేళ్ళ కిందట దుంగలు దింపుతుంటే లారీ అడుగున దొరికాడు. ఎముకల గూడు తప్ప ఇంకేమీ లేదు. మామయ్య వాణ్ణి తువ్వాల్లో పెట్టుకుని లోపలికి తెచ్చారు. తిండి పడ్డాక ఒళ్ళు చేశాడు కానీ పిల్లి అన్నాక ఉండాల్సిన చురుకు మాత్రం రాలేదు. బల్ల ఎక్కడు, కిటికీ ఎక్కడు. కింద కూర్చుని పైకి చూసి ఒక్క అరుపు అరుస్తాడు. ఎవరో ఒకరు ఎత్తి పెట్టాలి. నడిస్తే వెనక భాగం కాస్త పక్కకు ఊగుతుంది. జమీందారుగారు బయల్దేరారు అని నవ్వుకునేవాళ్ళం.

ఆ జమీందారు మామయ్య బల్ల మీద కూర్చుంటే రాయబారం మొదలయ్యేది. "ఒరేయ్ రంపం, మూడో బీరువా తలుపు కిందికి దిగిందని మీవాడికి చెప్పు," అనేవారు మామయ్య. మా ఆయన తల ఎత్తకుండానే, "రంపం, తలుపు దిగలేదు, కింద నేలే ఎగుడుదిగుడుగా ఉందని మీ తాతకి చెప్పు," అనేవాడు. వాడు పాపం అటొకసారి, ఇటొకసారి తల తిప్పేవాడు. వాడు తల తిప్పితే కబురు అందినట్టే లెక్క. నాకు నవ్వూ వచ్చేది, లోపల దిగులుగానూ ఉండేది. ఆ పిల్లి కూడా లేకపోతే వీళ్ళిద్దరూ ఒకే చూరు కింద ఉన్న అద్దెవాళ్ళలా మిగిలిపోతారని నాకు తెలుసు.

రంపంగాడి దొడ్డి కొట్టు మూలన ఒక పాత బల్ల సొరుగు. దాన్నిండా రంపపు పొట్టు పోసి పెడతాం. వడ్రంగి ఇంట్లో పొట్టుకేం కరువు. రోజూ పాతది పారబోసి కొత్తది పోసేది మా ఆయన. ఆ వేసవిలో కొట్టునిండా కొత్త పలకల పొట్టే కనుక అదే పోశాడు. అది పిండిలా సన్నగా, ముక్కులు అదిరే మందు వాసనతో ఉండేది. మాకందరికీ ఆ వాసన అలవాటైపోయింది కనుక పిల్లి సంగతి ఎవరికీ తట్టలేదు.

ఒకరోజు పొద్దున వార్నీషు కలుపుతుంటే వాడు సొరుగులో వీపు విల్లులా వంచి కూర్చుని కనిపించాడు. నేను డబ్బా కలపడం అయిపోయి, మూత పెట్టి, బ్రష్షు కడుక్కునేదాకా అలాగే కూర్చున్నాడు. ఒళ్ళంతా బిగబట్టి ముక్కుతున్నాడు. చివరికి ఏమీ లేకుండానే దిగి, రెండడుగులు వేసి, గుమ్మం పక్కన మళ్ళీ అలాగే కూర్చుని సన్నగా అరిచాడు. లేచాక నేలమీద గోధుమరంగు నీటి చుక్క ఒకటి మిగిలింది.

మామయ్య ఆ చుక్కను చూశారు. మా ఆయన ఏమీ పడని సొరుగును చూశాడు. ఇక వైద్యం మొదలైంది.

"రంపం, నీకు విరేచనాలు పట్టుకున్నాయని మీవాడికి చెప్పు. ఆ పలకల జిగురు నాకి ఉంటావు," అన్నారు మామయ్య.

"రంపం, విరేచనాలైతే సొరుగు ఇంత శుభ్రంగా ఉండదని మీ తాతకి చెప్పు. నీది మలబద్ధకం," అన్నాడు మా ఆయన.

రోగి మధ్యలో కూర్చుని ఎటూ తల తిప్పలేదు. మామయ్య తన వైద్యం తాను చేశారు. కడుపు ఎండగడితే కట్టుకుంటుందని తడి తిండి మానిపించి, నీళ్ళ గిన్నె తీసేసి, ఎండు తిండి బిళ్ళలు మాత్రం పెట్టారు. మా ఆయన తన వైద్యానికి మందుల దుకాణానికి వెళ్ళి, మనుషులకు వాడే ఎనిమా సీసా ఒకటి కొనుక్కొచ్చాడు. పిల్లికి సగం చాలు అని తనే తేల్చేశాడు. అయితే ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు ముందు కాళ్ళు పట్టుకోవాలి, ఒకరు వెనక పని చూడాలి. నా చేతులు మోచేతుల దాకా వార్నీషు. మిగిలింది మామయ్య. ఆయన్ని పట్టుకోమనాలంటే నోరు తెరిచి అడగాలి. పిల్లితో చెప్పించవచ్చు కానీ, పిల్లిని పట్టుకోమని పిల్లితోనే చెప్పించడం మా ఆయనకే సిగ్గనిపించినట్టుంది. కాసేపు తచ్చాడి, సీసా జేబులో పెట్టుకుని పనిలో పడ్డాడు.

ఆ మర్నాడు వాడు తిన్న రెండు బిళ్ళలూ వాంతి చేసుకున్నాడు. తర్వాత కనిపించలేదు. కొట్టంతా వెతికితే గోడకు ఆనించిన పలకల వెనక, చీకట్లో, నాలుగు కాళ్ళూ పొట్ట కిందికి ముడుచుకుని దొరికాడు. నేను పిలిస్తే తల ఎత్తలేదు. ఎత్తుకుంటే ఎప్పుడూ మెత్తగా వేలాడే ఒళ్ళు కాస్తా చెక్కలా బిగుసుకుంది.

"నేను డాక్టరు దగ్గరికి తీసుకుపోతున్నాను. ఎవరొస్తే వాళ్ళు రండి," అన్నాను.

ఇద్దరూ వచ్చారు. ఆటోలో ఒకరు నాకు ఈ పక్క, ఒకరు ఆ పక్క. పనిముట్లు పెట్టుకునే బుట్టలో తువ్వాలు పరిచి వాణ్ణి నా ఒళ్ళో పెట్టుకున్నాను. దారంతా ఎవరూ నోరు విప్పలేదు. తల తిప్పే ఓపిక వాడికి లేదు కనుక కబురు చెప్పడానికి ఇద్దరికీ దిక్కులేకుండా పోయింది.

పశువైద్యశాలలో డాక్టరమ్మ సన్నగా, పొట్టిగా ఉంది. చొక్కా చేతులు మోచేతి పైకి మడిచి, కళ్ళజోడు మెడలో వేలాడేసుకుంది. వాడు ముక్కుతున్నాడని నేను అనగానే, మిగతాదేదీ వినకుండా ముందు ఒక్కటే అడిగింది.

"మూత్రం పోస్తున్నాడా?"

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పొట్టులో అది ఎవరు గమనించారు. మగపిల్లి ఇలా ముక్కుతుంటే మొదట భయపడాల్సింది దానికేనని, ఆ దారి మూసుకుపోతే ప్రాణానికి ఎంతో వ్యవధి ఉండదని, చాలామంది దాన్నే మలబద్ధకం అనుకుని ఇంట్లో కూర్చుంటారని చెబుతూనే ఆమె వాడి పొత్తికడుపు కింద చెయ్యి పెట్టింది. "సంచి చిన్నగా, మెత్తగానే ఉంది. ఆ దారి బాగానే ఉంది," అంది. అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు.

తర్వాత వాడి భుజాల మధ్య తోలు పట్టుకుని పైకి లాగి వదిలింది. మామూలుగా అయితే రబ్బరులా వెనక్కి పోవాల్సిన తోలు గుడారంలా నిలబడిపోయింది. ఒంట్లో నీళ్ళు లేవంది. పెదవి ఎత్తి చిగుళ్ళు తాకి చూసింది. అప్పుడు రెండు చేతులూ వాడి కడుపుకు చెరో పక్క వేసి, వేళ్ళ కొసలతో నెమ్మదిగా వెతకసాగింది. ఆమె మొహం గోడవైపు ఉంది కానీ గోడను చూడటం లేదు. నాకు ఆ చూపు తెలుసు. వార్నీషు పూసే ముందు కర్రలో గరుకు ఎక్కడుందో కనుక్కోవడానికి నేనూ కళ్ళు పక్కకు తిప్పేసుకుంటాను. కాకపోతే నేను తడిమేది చచ్చిన కర్ర. ఆమె బతికి ఉన్న కడుపు మీద, లోపల ఏముందో తోలు పైనుంచి చదువుతోంది. నేను కళ్ళార్పకుండా చూస్తూ నిలబడ్డాను.

"మీ చెయ్యి ఇలా ఇవ్వండి. నొక్కకండి, ఊరికే ఆనించండి," అని నా వేళ్ళను అక్కడ పెట్టింది. కుర్చీ కాళ్ళ మధ్య వేసే అడ్డకర్ర లాంటిది గట్టిగా తగిలింది. పక్కటెముకల కింద నుంచి తోక దాకా ఉంది. అంత చిన్న ఒంట్లో అంత పొడవైన రాయి. దాన్ని మోస్తూ వాడు రెండు రోజుల కిందటి దాకా మా తగువులు మోశాడు.

మామయ్య విరేచనాల చుక్క తన కళ్ళారా చూశానన్నారు. ఆమె నవ్వలేదు. "మీరు చూసిందీ నిజమేనండీ. పెద్ద పేగులో గట్టిపడినది కదలనప్పుడు దాని పక్కనుంచి కాస్త నీరు జారి బయటికొస్తుంది. చూసినవాళ్ళు విరేచనాలే అనుకుంటారు," అంది. ఇద్దరూ చెరిసగం కరెక్టన్నమాట. మాట్లాడుకుని ఉంటే ఆ రెండు సగాలూ మా ఇంట్లోనే కలిసేవి.

అప్పుడు మా ఆయన జేబులోంచి ఆ సీసా తీశాడు. దీన్ని సగం వేద్దామనుకున్నానండీ అన్నాడు. దాన్ని చూడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

"వేశారా?"

"లేదండీ. పట్టుకునేవాళ్ళు లేక..."

"బతికించారు. ఇందులో ఉన్న లవణాలు మనుషులు తట్టుకుంటారు. పిల్లులు తట్టుకోలేవు. ఇది వేసి ఉంటే మీరు నా దాకా వచ్చేవాళ్ళు కాదు."

మా ఆయన సీసా బల్ల మీద పెట్టి చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. ఆ తండ్రీకొడుకుల మొండితనాన్ని ఎన్నాళ్ళుగానో తిట్టుకుంటున్న నేను, మొదటిసారి దానికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

వాణ్ణి లోపలికి తీసుకెళ్ళి సెలైను ఎక్కించారు. కాసేపటికి ఎక్స్‌రే తీసి, మమ్మల్ని ఒక చీకటి గదిలోకి పిలిచింది. గోడ మీద దీపం వేయగానే రంపంగాడు తెల్లగా వెలిగాడు. నేనెప్పుడూ అలాంటిది చూడలేదు. రోజూ కాళ్ళకు అడ్డం పడి తిట్లు తినే పిల్లి లోపల అంత పనితనం ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. వెన్నుపూసలు ఒకదాని వెనక ఒకటి, ఏ ఒక్కటీ ఇంకోదానిలా లేకుండా, మెడ దగ్గర సన్నగా, నడుం దగ్గర బలంగా, తోక కొసకు వచ్చేసరికి బియ్యపు గింజలంత. ఏ కొలబద్దా లేకుండా ఎవరు కొలిచి చేశారో. నాకు తెలియకుండానే చేతులు కట్టుకుని నిలబడ్డాను. కడుపు మధ్యలో పేగు ఉబ్బి, దాన్నిండా ముద్దలు ముద్దలుగా ఆగిపోయినదంతా ఎముకలతో పోటీపడి తెల్లగా కనిపిస్తోంది.

డాక్టరమ్మ పెన్ను తోక దగ్గర పెట్టింది. "వీడు ఎప్పుడు పడ్డాడు?"

పడలేదండీ అన్నాం ముగ్గురం.

"పడ్డాడో, బండి కింద పడ్డాడో. ఇది తుంటి. ఉంగరంలా ఉంటుంది. ఇక్కడొకచోట, ఇక్కడొకచోట విరిగింది. పాతది. మీ దగ్గరికి రాకముందే అయ్యుంటుంది. విరిగిన ముక్క లోపలికి జరిగి అతుక్కుంది. దాంతో ఉంగరం ఇరుకైంది. బయటికి పోవాల్సిందంతా ఈ ఉంగరంలోంచే పోవాలి."

బల్ల కింద కూర్చుని ఎత్తమని అరిచే ఆ అరుపు, ఆ ఊగే నడక, మేం పెట్టిన జమీందారు పేరు అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. విరిగిన తుంటితో వాడు ఆ లారీ ఎలా ఎక్కాడో, దుంగల మధ్య ఎన్నాళ్ళున్నాడో. మా ఇంటికొచ్చి ఆ నొప్పి గురించి ఒక్కనాడూ చెప్పుకోలేదు. మేం దాన్ని దర్జా అనుకున్నాం.

మామయ్య దీపం దగ్గరగా వెళ్ళారు. "కట్టు ఎవరు కట్టారమ్మా?"

"ఎవరూ కట్టలేదండీ. ఎక్కడో ఒక మూల కదలకుండా పడుకుని ఉంటాడు. ఎముక దానంతట అదే అతుక్కుంది."

మామయ్య వేలు ఎత్తి, తెర మీద ఆనించకుండా, గాలిలోనే ఆ అతుకు వెంట నడిపించారు. యాభై ఏళ్ళుగా కర్రకు కర్ర అతికిస్తున్న వేలు అది. వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళింది. జిగురు లేదు, మేకు లేదు, ఆరేదాకా పట్టి ఉంచిన చెయ్యి లేదు అని తనలో తాను గొణుక్కున్నారు. తర్వాత తల తిప్పకుండానే అన్నారు.

"చూశావురా?"

"చూశాను నాన్నా."

"కాస్త లోపలికి జరిగింది."

"జరిగినా వదల్లేదు," అన్నాడు మా ఆయన.

అంతే. పిల్లి పక్కగదిలో సెలైను కింద ఉన్నాడు. వాళ్ళిద్దరి మధ్యా నేను తప్ప ఎవరూ లేరు, నేనూ ఒకడుగు వెనక్కి వేశాను. ఏం జరిగిందో వాళ్ళు గమనించలేదు. గమనిస్తే ఆగిపోతుందేమోనని నేను తెర వైపే చూస్తూ ఉండిపోయాను.

ఇన్నాళ్ళూ బాగానే ఉన్నవాడికి ఇప్పుడెందుకు ఇలా అయిందని డాక్టరమ్మ అడగడం మొదలుపెట్టింది. ఏం తింటాడు, ఎన్ని నీళ్ళు తాగుతాడు, ఎక్కడికి వెళ్తాడు. పొట్టు మార్చింది మా ఆయనే చెప్పాడు. వాసన నచ్చకపోతే పిల్లి ఆపుకుంటుందని ఆమె అంది. ఆపుకున్న కొద్దీ పేగు దానిలోని నీళ్ళు పీల్చేస్తుందట. పీల్చిన కొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడితే వెళ్ళేటప్పుడు నొప్పి, నొప్పికి భయపడి ఇంకా ఆపుకుంటాడు. నీళ్ళ గిన్నె తీసేసింది తానేనని మామయ్య చెప్పారు. ఆమె ఎవర్నీ ఏమీ అనలేదు. తెలియక చేశారు, తెలిశాక వచ్చారు అంది.

ఆ రాత్రి సెలైను మీదే ఉంచి, మర్నాడు పొద్దున మత్తిచ్చారు. తలుపుకు ఉన్న అద్దంలోంచి ముగ్గురం చూశాం. ఊపిరి కోసం గొంతులో గొట్టం, కింద తువ్వాలు, గోరువెచ్చని నీళ్ళు, జారుడు మందు. డాక్టరమ్మ ఒక చేత్తో లోపలికి నీళ్ళు పంపుతూ, రెండో చేత్తో కడుపు పైనుంచి ఆ గట్టిదాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని, నానబెట్టి, కొంచెం కొంచెంగా విడదీసి, తోక వైపు నడిపిస్తోంది. పేగు చిరిగితే పిల్లి దక్కడని ముందే చెప్పింది. ఒక్కసారి కూడా తొందరపడలేదు. ఎండ గుమ్మంలోంచి గోడ మీదికి ఎక్కేదాకా అదే పని. మొదటి ముద్ద బయటికొచ్చి స్టీలు పళ్ళెంలో టక్కుమని పడింది. నల్లగా, కర్రలో ముడిలా గట్టిగా ఉంది. ఒకటి పడ్డప్పుడల్లా పక్కన మా ఆయన తేలిగ్గా ఊపిరి వదలడం వినిపించేది. ఆమె చెమట తుడుచుకోవడానికి కూడా ఆగలేదు. అసహ్యం అన్న మాటే నాకు గుర్తుకు రాలేదు. అంతకంటే గొప్ప పని నేను అప్పటిదాకా చూడలేదు. ఇప్పటికీ చూడలేదు.

బయటికొచ్చి చేతి తొడుగులు తీసేస్తూ చెప్పింది. "నా పని అయిపోయింది. ఇక వాడి పని. రెండు మూడు రోజుల్లో వాడంతట వాడు వెళ్ళాలి. వెళ్తే పేగులో ఇంకా సత్తువ ఉన్నట్టు. తడి తిండి, నీళ్ళు, లోపలిదాన్ని మెత్తబరిచే ఈ తియ్యమందు బతికినన్నాళ్ళూ ఇస్తే ఆ ఇరుకులోంచే గడిచిపోతుంది. వెళ్ళకపోతే సాగిన పేగు ముడుచుకోవడం మర్చిపోయినట్టు. ఆ ముక్క కోసి తీసేయాలి. ఈ నీరసానికి ఆ ఆపరేషను తట్టుకుంటాడని నేను మాటివ్వలేను."

వాణ్ణి తీసుకుని ఇంటికి రాగానే మా ఆయన సొరుగు మూడుసార్లు కడిగి ఎండలో పెట్టాడు. మామయ్య అటక మీదున్న పాత కర్రముక్క ఒకటి దింపి, వాసన చూసి, నాకూ చూపించి, దాన్ని ఓపిగ్గా చిత్రిక పట్టారు. పల్చటి, మెత్తటి పొరలు సొరుగు నిండా పడ్డాయి. పలకలు కోసే పని పెరట్లోకి మారింది. ఒక్కో పలకను ఇద్దరు మోస్తే గానీ కదలదు. ఆ కొస నువ్వు పట్టు అని మామయ్య, మెల్లగా, మెట్టుంది అని మా ఆయన. కొట్టులో రెండు, వంటింట్లో ఒకటి, పెరటి గుమ్మం దగ్గర ఒకటి నీళ్ళ గిన్నెలు వెలిశాయి. సూది లేని సిరంజితో తియ్యమందు చెంప పక్కనుంచి పోయడానికి మామయ్య వాణ్ణి తువ్వాల్లో చుట్టి పట్టుకునేవారు. మా ఆయన పోసేవాడు. వాడు సగం మామయ్య మీసాల మీదికి చిమ్మేవాడు.

ఇద్దరికీ మాటలైతే వచ్చాయి కానీ వేరే సంగతి లేదు. ఎన్ని నీళ్ళు తాగాడు, ఎంత తిన్నాడు, కడుపు మెత్తగా ఉందా, గట్టిగా ఉందా. మా ఇంట్లో మనిషి జబ్బు పడ్డప్పుడు కూడా ఎవరి కడుపు గురించీ అంత వివరంగా చర్చ జరగలేదు. నేను వింటూ నా పని నేను చేసుకునేదాన్ని. అప్పుడప్పుడు చెయ్యి నా పొట్ట మీదికే పోయేది. తిన్నదాన్ని నూరి, పిండి, కావలసింది ఒంటికిచ్చి, అక్కర్లేనిది బయటికి పంపే పని అందరి లోపలా పొద్దస్తమానం సాగుతూనే ఉంటుంది కదా. అది ఆగేదాకా మనం దానికి ఒక్క నమస్కారమైనా పెట్టం.

మొదటి రోజు వాడు నిద్రపోయాడు. రెండో రోజు తిన్నాడు, తాగాడు, సొరుగు దాకా వెళ్ళి వాసన చూసి వెనక్కి వచ్చాడు. మామయ్య ఆ సాయంత్రం తిండి ముట్టలేదు. మూడో రోజు పొద్దున కూడా ఏమీ లేదు. మా ఆయన డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, సాయంత్రం దాకా చూసి తీసుకురండి అందట. ఆ మాట తండ్రికి చెప్పి పక్కనే కూలబడ్డాడు. "తట్టుకుంటాడంటావా?" అని అడిగాడు. చిన్నప్పుడు కూడా ఆయన తండ్రిని అలా అడిగి ఉంటాడని నేననుకోను. మామయ్య చేతిలో ఉలి ఉంది, దాన్ని ఊరికే తిప్పుతున్నారు.

మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. నేను పెరట్లో ఆఖరి బీరువాకు వార్నీషు పూస్తున్నాను. వాళ్ళిద్దరూ కొట్టులో తలుపు బిగిస్తున్నారు. ఉన్నట్టుండి సుత్తి చప్పుడు ఆగిపోయింది. గుమ్మం దాకా వచ్చి తొంగి చూస్తే ఇద్దరూ తలుపు పట్టుకుని అలాగే బొమ్మల్లా నిలబడి ఉన్నారు. మూల నుంచి కర్రపొరలు గోకుతున్న చప్పుడు.

రంపంగాడు సొరుగులో ఉన్నాడు. గొయ్యి తీశాడు. వీపు వంచాడు. వాడి చెవులు వెనక్కి పోయాయి, తోక మొదలు వణికింది. నేను బ్రష్షు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను. వార్నీషు నా పాదం మీద చుక్కలుగా పడుతోంది. ఆ ఇరుకు ఉంగరం, ఆ అలసిన పేగు, ఆ వంకర అతుకు, అన్నీ కలిసి ఏం చేయాలో వాడి లోపల తేల్చుకుంటున్నాయి. మేం ముగ్గురం చేయగలిగింది ఏమీ లేదు. అంత నిస్సహాయంగా, అంత భక్తిగా నేను దేని ముందూ నిలబడలేదు.

వాడు లేచాడు. వెనక్కి తిరిగి వాసన చూసి, పొరలు కప్పి, సొరుగు అంచు దాటి దిగాడు. మా మొహాల వంక ఒక్కసారి విసుగ్గా చూసి, ఊగుకుంటూ నీళ్ళ గిన్నె దగ్గరికి పోయాడు.

ఇద్దరూ తలుపు నేలమీద పెట్టేసి సొరుగు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. మామయ్య ఒక పుల్లతో పొరలు పక్కకు జరిపారు. రెండు తలలూ దగ్గరగా వంగాయి.

"మెత్తగానే ఉందిరా," అన్నారు మామయ్య.

"ఊఁ," అన్నాడు మా ఆయన. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. చెయ్యినిండా పొట్టే, కళ్ళలో పడిందని మళ్ళీ తుడుచుకున్నాడు. అంత మనిషి ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

లేవడానికి మామయ్యకు మోకాళ్ళు సహకరించలేదు. కొడుకు భుజం మీద చెయ్యి వేసి మెల్లగా లేచారు. లేచి నిలబడ్డాక కూడా ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది.